గంగవ్వ ఇల్లు చూపెట్టి మన వాడను దాచకుండ్రి

మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వను ఎరుగనోళ్లు జగిత్యాల జిల్లాల లేరు. చిన్నప్పుడే కష్టం మీదబడ్డది. సదువు అందలే. కూలికి పోయింది, బీడీలు చేసింది. ఊరి పిల్లలు తీసిన 'మై విలేజ్ షో'ల ఆమె నోరు విప్పితే లోకమంతా విన్నది. 2020 సెప్టెంబర్‌ల స్టార్ మా టీవీ 'బిగ్ బాస్'కు పిలిచింది. పానం బాగలేక ఐదో వారం బయటికొచ్చింది, కోరుకున్న ఇల్లు కట్టుకున్నది, 2024ల మళ్ళీ పోయింది. సంతోషం! మన పక్కూరి అవ్వ ఇల్లు కట్టుకుంటే ఎవలకు కడుపు నిండదు?

మన పేచీ గంగవ్వతోని కాదు. ఆమెను చూపెట్టి మనకు బుద్ధులు చెప్పేటోళ్లతోని. "కష్టపడితే ఎవరైనా పైకొస్తరు, చూసి నేర్చుకోండి" అంటున్నరు.

అయ్యా, కోరుట్లల, సిరిసిల్లల బీడీల చాట ఒళ్లె పెట్టుకొని కూసున్న ఆడోళ్లు కష్టపడుతలేరా? రాత్రి ఆకు నానవెట్టాలె. పొద్దుగాల కత్తిరించాలె. తంబాకు నింపి చుట్టి, దారం కట్టి, మూతులు మలవాలె. వెయ్యి బీడీల లెక్కన కూలి. ఇచ్చిన ఆకు సాలకపోతే సొంత పైసలతో కొనాలె. బాగలేవని తీసి పారేసిన బీడీలకు కూలి లేదు. తల్లి పక్కన పండుకున్న పసిపోరడు తంబాకు గాలే పీలుస్తడు. సిరిసిల్లల మొగోడు సాంచెల కాడ, ఆడామె బీడీల కాడ, ఇద్దరు నడుములిరగ్గొట్టుకున్నా అప్పు తీరక ఉరిపెట్టుకున్న ఇండ్లెన్ని! మాల మాదిగ వాడల్ల కూలికి పోయొచ్చిన చేతులే రాత్రి బీడీలు చుడుతయి. వీళ్లెందుకు పైకొస్తలేరో చెప్పుండ్రి.

టీవీ చెప్పదు. గంగవ్వ ఏడుపుకు ముందట ఒక ప్రకటన, ఎనుక ఒక ప్రకటన. ఆ కథల బడి లేకపోవుడు తలరాత అయితది. కూలి తక్కువ ఇచ్చిన సేటు ఎక్కడా కనవడడు. (నిన్నటిదాక ఇదే టీవీలకు, సినిమాలకు మన యాస రౌడీలకే పనికొచ్చింది. ఇయ్యాల గిరాకి పెరిగింది.)

అమెరికాల గూడ ఇదే ముచ్చట. ఓప్రా విన్‌ఫ్రే 1954ల మిసిసిపిల పేద నల్లోళ్ల ఇంట్ల పుట్టింది. ఆలుగడ్డల సంచులతో కుట్టిన గౌన్లు తొడుక్కున్నది. 1986 నుంచి 2011 దాక టీవీల తన కార్యక్రమం నడిపి వందల కోట్లు సంపాదించింది. దాంతోని నల్లోళ్ల బతుకు మారిందా? 2020ల జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసోడు మోకాలు పెట్టి సంపిండు.

బాబాసాహెబ్ గూడ బడిల గోనెపట్ట మీద వేరుగ కూసున్నోడే. కొలంబియాల సదివొచ్చి "నన్ను జూసి ఎదగండి" అని ఊకోలేదు. 1927ల వేలమందిని మహాడ్ చెరువుకు తోలుకపోయి నీళ్లు తాగించిండు. మన తాతలు 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలకు దండు గట్టి నడిచిండ్రు, వెట్టి చెయ్యమన్నరు. నెలన్నర తిరగకముందే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించింది. ఒక్కరు లేస్తే చప్పట్లు, అందరు లేస్తే పోలీసు క్యాంపులు!

బీడీ పింఛను సంగతే చూడుండ్రి. 2015ల వెయ్యి రూపాలతో మొదలుపెట్టి, 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నోళ్లకే అని గీత గీసిండ్రు. 2017ల జీఎస్టీ రాంగనే బీడీ సెస్సు ఎత్తేసిండ్రు. బీడీ కార్మికుల దవఖానలు, పిల్లల స్కాలర్‌షిప్పులు ఆ పైసలతోనే నడిచేటివి. ఏ టీవీల ఏడ్చిండ్రు దీని మీద?

సంఘం పిల్లలారా, వాడల గంగవ్వ వీడియో పెట్టుకొని చూసేకాడికే పోండ్రి. చూసి నవ్వుండ్రి, తప్పులేదు. అయిపోయినంక అక్కడ కూసున్న అవ్వలను, అక్కలను అడుగుండ్రి: కార్డు నీ పేరు మీదనే ఉన్నదా, పక్కామె కార్డు మీద చేస్తున్నవా? పీఎఫ్ కడుతున్నరా? పోయినసారి ఎన్ని బీడీలు తీసి పారేసిండ్రు? ఒక్కొక్కల పేరు కాయితం మీద రాసుకొని, అందరిని ఎంటవెట్టుకొని కార్ఖానా కాడికి పోండ్రి.