కొలువు గైడ్ల పక్కన కథల పుస్తకం

రెండో ఆంధ్ర మహాసభ 1931లో మన దేవరకొండలోనే జరిగింది. అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు వృత్తికి వకీలు. తర్వాత హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు, కేరళకూ ఉత్తరప్రదేశ్‌కూ గవర్నరుగా పనిచేశారు. ఫైళ్లు ఎన్ని మీద పడ్డా పుస్తకం వదల్లేదు. సంస్కృతం, ఫారసీ, ఉర్దూ చదువుకున్న ఆ మనిషి తెలుగులో పద్యాలు అల్లారు, అనువాదాలు చేశారు, సాహిత్య వ్యాసాలు రాశారు. తీరిక దొరకడం లేదనే మాట ఆయన ముందు చెల్లదు. (మాకూ చెల్లదనుకోండి.)

ఈ వ్యాఖ్య రాస్తున్న చేతికి చదువు రుచి తగిలింది బడిలో కాదు, కిరాణా పొట్లం విప్పినప్పుడు. కందిపప్పు డబ్బాలో పోశాక మిగిలిన కాగితం మీద సీరియల్ సగంలో తెగిపోయి ఉండేది. మిగతా సగం సొంతంగా కల్పించుకోవడమే మా తొలి రచన.

ఇప్పుడు ఏ ఊరి గ్రంథాలయం చూసినా గ్రూప్స్, కానిస్టేబుల్ గైడ్లే. కొలువు కోసం చదివే పిల్లల్ని తప్పుపట్టలేం. వాళ్లకు కుర్చీ, ఫ్యాను, మంచినీళ్లు ముందు కావాలి. కానీ గైడు పరీక్షతో అటకెక్కుతుంది. కథల పుస్తకం అలా కాదు, ఇరవైలో ఒక తీరుగా, అరవైలో ఇంకో తీరుగా మాట్లాడుతుంది.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. ఆ సొమ్ము మునిసిపాలిటీలు ఎప్పటికప్పుడు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. అందులో కొంతైనా కథలకు, కవిత్వానికి, ఆత్మకథలకు ఖర్చుపెట్టాలి.