ప్రకాశకుడైన కవి: గోలకొండ కవుల సంచిక, కోహీరు సీమ

సురవరం ప్రతాపరెడ్డిగారి (1896-1953) కీర్తి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’తో సుస్థిరమైనది. కవిగా, కథకుడుగా గూడ ఆయనకు పేరున్నది. కాని ప్రకాశకుడుగా ఆయన చేసిన కృషిని తరగతిగదిలో ఒక్క వాక్యంతో ముగించటం ఆనవాయితీ అయినది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించెనన్నదే ఆ వాక్యం.

ఆక్షేపణ ఏనాడో సమసిపోయింది, సంచిక నిలిచింది. కనుక పరిశీలింపవలసినది సంచికనే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష ఉర్దూగా ఉన్న కాలమది. 1926 మే 10న వెలువడిన గోలకొండ పత్రిక అండ లేనిదే పల్లెల్లో పెట్టెలపాలైన కవిత్వం ఒక్కచోటికి చేరేది కాదు. ఏ పద్యం అచ్చుకు తగినదో నిర్ణయించటం విమర్శ. ఎవరెవరిని వెదకవలెనో నిర్ణయించటం చరిత్రరచన. ఈ సంచికలో రెండవదే ప్రధానం. అందుచేతనే సామాన్యపద్యాలకూ చోటు దక్కింది. దీనిని లోపంగా ఎంచటం గ్రంథప్రయోజనాన్ని విస్మరించటమే.

ఇంచుమించు ఆ కాలంలోనే షాంఘైలో షావో షున్‌మేయ్ (1906-1968) అనే కవి వంశార్జితధనాన్ని పుస్తకశాలకు, పత్రికలకు, ముద్రణకు ధారపోశాడు. విలాసకవి అన్న ముద్ర చాటున ఆయన ప్రచురణకృషి చాలాకాలం మరుగుపడింది. సురవరంవారి విషయంలో ముద్ర వేరు, ఫలితం మాత్రం అదే.

సంచిక చేపట్టిన వెదకులాట ముగిసినదని భావించరాదు. కోహీరునే తీసుకొనవచ్చు. నేడు సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదుకు చేరువనున్న ఈ ఊరు 1956కు పూర్వం బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసే సీమ. 1930లో సురవరంవారు ప్రథమ నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన జోగిపేట నేడు ఇదే జిల్లాలో ఉన్నది. జిల్లాలవారీ సిద్ధాంతవ్యాసాలలో ఇటువంటి సరిహద్దు గ్రామాలు ఎవరికీ చెందనివైపోయే ప్రమాదమున్నది: కన్నడ పరిశోధకునికి ఇది తెలుగునేల, తెలుగు పరిశోధకునికి పాత బీదరు!

ఇక్కడ దొరికేవి భజనకీర్తనలు, శతకాలు మాత్రమే గదా అనవచ్చు. దొరకనీ. సంచిక జల్లెడ పట్టలేదు. దానిలోని కవులను నాటి జిల్లాలు, తాలూకాల వారీగా తిరిగి పట్టికవేసి, ఖాళీగా మిగిలిన ఊళ్లకు విద్యార్థులను పంపటం ప్రాచ్యకళాశాలలకు అసాధ్యమేమీ కాదు. కరణాల, అర్చకుల, బడిపంతుళ్ల ఇండ్లలోని నోటుపుస్తకాలు చెదలకు అందకముందే ఆ ప్రయాణం జరగాలి. దొరికిన పేర్లను అనుబంధంగా అచ్చువేయటం తరువాతి పని.