సగం ఓటములు లెక్కలోనివే
ఆన్‌లైన్ చదరంగంలో ఆటగాడి పేరు పక్కన కనిపించే రేటింగ్ అతని విలువ కాదు, తర్వాతి ఆట ఫలితంపై ఒక అంచనా మాత్రమే. అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో రూపొందించగా 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య స్వీకరించిన ఈ లెక్క ప్రకారం, ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉన్నా తక్కువ రేటింగ్ ఉన్నవాడికి ఆట పాయింట్లలో దాదాపు నాలుగోవంతు దక్కుతుంది. సర్వరు సమఉజ్జీలనే జతచేస్తుంది కనుక, సగం ఆటలు ఓడుతున్నవాడు ఉండవలసిన చోటే ఉన్నాడని అర్థం. చిక్కంతా పోటీ అమరికలో ఉంది. లీచెస్ అనే చదరంగ సైటులోని అరీనాలో, అంటే నిర్ణీత గడువులో ఎన్ని ఆటలైనా ఆడే పోటీలో, వరుసగా రెండు గెలిస్తే మూడో ఆట నుంచి పాయింట్లు రెట్టింపై పేరు దగ్గర చిన్న మంట గుర్తు వెలుగుతుంది, ఒక్క ఓటమితో ఆరిపోతుంది. ఓటమి కంటే ఆ ఆరిన మంటే ఆటగాణ్ని ఊపిరి తీసుకోనీయకుండా మరో ఆటకు తరుముతుంది. పిన్‌బాల్ యంత్రాల నుంచి వచ్చిన ‘టిల్ట్’ అనే మాట ఈ ఉక్రోషపు ఆటకే పేరైంది. నిజానికి రేటింగ్ పడటం మేటి ఆటగాళ్లకూ తప్పదు: సమాఖ్య 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరిన వరంగల్ ఆటగాడు అర్జున్ ఎరిగైసి రేటింగ్ సైతం కొద్ది నెలల్లోనే మళ్లీ 2800 కిందికి దిగింది.