పొగడ్తలు దాచిన కాంట్రాక్టు

క్లాడియా కార్డినాలే 2025 సెప్టెంబరు 23న ఫ్రాన్స్‌లో, 87 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆ తర్వాత వచ్చిన నివాళుల్లో ఆమె కళ్ళున్నాయి, నవ్వుంది, విస్కోంటి తీసిన 'ది లెపర్డ్'లో ఆమె వేసుకున్న తెల్లగౌను ఉంది. నిర్మాత ఫ్రాంకో క్రిస్టాల్డి ఆమెని 'కనుక్కున్నాడు', 'తీర్చిదిద్దాడు' అన్న మాటలు ఎప్పటిలాగే వచ్చాయి. సినిమా భాషలో స్త్రీ ఎప్పుడూ ఎవడో ఒకడు తవ్వి తీయవలసిన ఖనిజమే. ఈ కథని అదృష్టం వరించిన అందగత్తె కథగా కాక ఒక శ్రామికురాలి ఉద్యోగ షరతుల కథగా చదవాలని నా వాదన.

ఆమె 1938లో, అప్పటికింకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ట్యునీసియాలో, సిసిలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టింది. 1957లో అక్కడి ఇటాలియన్ అమ్మాయిల అందాలపోటీలో గెలిచింది. బహుమతి వెనిస్ చలనచిత్రోత్సవానికి ప్రయాణం. ఆ రోజుల్లోనే, వయసులో తనకన్నా చాలా పెద్దవాడొకడు ఆమె మీద అత్యాచారం చేశాడు. గర్భం వచ్చింది. బిడ్డని ఉంచుకోవాలనుకుంది; తన కాళ్ళమీద తాను నిలబడి ఆ బిడ్డని పెంచడానికే సినిమాల్లోకి వచ్చానని తర్వాత అనేకసార్లు చెప్పింది.

ఆ అవసరం మీదే కాంట్రాక్టు కూర్చుంది. క్రిస్టాల్డి సంస్థ విదేస్‌లో ఆమె నెలజీతం ఉద్యోగి. జుట్టు కత్తిరించుకోవడానికి లేదు, లావెక్కడానికి లేదు. బిడ్డని 1958లో, ఎవరికీ తెలియకుండా, లండన్‌లో కన్నది. తిరిగొచ్చాక లోకానికి చెప్పిన మాట: వాడు ఆమె తమ్ముడు. 1967లో జర్నలిస్టు ఎంజో బియాజీకి నిజం చెప్పేదాకా ఆ అబద్ధం నడిచింది. ఒక తల్లి తన కొడుకుకి అక్కగా నటించిన ఈ పాత్రకి ఏ అవార్డూ లేదు.

ఈ మధ్యలోనే, 1961లో, జుర్లీని తీసిన 'గర్ల్ విత్ ఎ సూట్‌కేస్' వచ్చింది. ఆమెకి నటిగా పేరు తెచ్చిన సినిమా. అందులో ఆమె పాత్ర, ఐదా, కొడుకున్న ఒంటరి స్త్రీ. తెరమీద పెళ్ళికాని తల్లి కన్నీళ్ళు టిక్కెట్లు అమ్ముతాయి. తెర వెనక అదే మాతృత్వం సరుకు విలువ తగ్గించే లోపం. పరిశ్రమకి ఈ రెంటి మధ్యా వైరుధ్యమేమీ కనపడలేదు.

క్రిస్టాల్డి ఆమెని కాపాడాడు కదా అనేవాళ్ళున్నారు. ఆనాటి ఇటలీలో నిజం బయటపడితే ఆమె నిలదొక్కుకోలేకపోయేదేమో, ఒప్పుకుంటాను. అత్యాచారం చేసినవాడు బాధితురాలిని పెళ్ళాడితే నేరం మాసిపోతుందనే నిబంధన అక్కడి శిక్షాస్మృతిలో 1981 దాకా ఉంది. అత్యాచారం స్త్రీ మీద జరిగిన నేరం కాదు, ప్రజల నీతి మీద జరిగిన నేరం. 1996లో గానీ ఇది మారలేదు. అయితే అటువంటి చట్టం, అటువంటి సమాజం సృష్టించిన భయాన్ని పెట్టుబడిగా వాడుకున్నదెవరు? రహస్యం తెలిసిన యజమానిని వదిలి వెళ్ళడం ఏ ఉద్యోగికి సాధ్యం? 1966లో ఆయన ఆమెని అమెరికాలో పెళ్ళాడాడు. ఇటలీలో ఆ పెళ్ళిని నమోదు చేయించుకోలేదు. ఆమె బయటికి రావడానికి 1975 దాకా పట్టింది.

గొంతు సంగతి మరీ విచిత్రం. ఫ్రెంచి, సిసిలీ మాండలికం, ట్యునీసియా అరబ్బీ విని పెరిగిన పిల్ల. ఇటాలియన్ పలుకు వేరుగా ఉందని, గొంతు బొంగురుగా ఉందని, తొలి సినిమాల్లో ఆమెకి వేరొకరు చెప్పారు. 1963లో ఫెల్లినీ 'ఎయిట్ అండ్ ఎ హాఫ్'లో ఆ గొంతునే ఉంచాడు. అదే ఏడు వచ్చిన 'ది లెపర్డ్'లో మాత్రం మళ్ళీ అరువు గొంతు. (ఈ రెండు సినిమాల కోసం జుట్టు రంగు కూడా ఒకరికోసం ఒకటి, ఇంకొకరికోసం ఇంకొకటి మార్చుకోవలసి వచ్చింది.) హీరోయిన్ గొంతు హీరోయిన్‌ది కాకపోవడం తెలుగు ప్రేక్షకులకి కొత్త కాదు. అందుకే కాబోలు దాన్ని సాంకేతిక విషయమని వదిలేస్తాం. నటన అనే శ్రమలో సగం గొంతే అయినప్పుడు, ఆ సగాన్ని తీసేసి ముఖాన్ని మాత్రమే అమ్మడం సాంకేతిక విషయమెలా అవుతుంది?

ఆమెని ఉత్త బాధితురాలిగా చూపించడం నా ఉద్దేశం కాదు, ఆమె కూడా దానికి ఒప్పుకునేది కాదు. 150కి పైగా సినిమాల్లో పనిచేసింది. తెరమీద నగ్నంగా కనిపించనని పట్టుబట్టి ఆ మాట నిలబెట్టుకుంది. 2000 నుంచి స్త్రీల హక్కుల కోసం యునెస్కో సౌహార్ద రాయబారిగా ఉంది. కానీ ఒక విషయంలో ఆమెతో నాకు పేచీ ఉంది. 2017లో కాన్ చిత్రోత్సవం పోస్టరుకి ఆమె పాత ఫొటో వాడుకున్నారు. రోములో ఒక డాబా మీద, గిరగిర తిరుగుతూ ఉన్న ఫొటో. అందులో ఆమె నడుమూ తొడలూ కంప్యూటర్లో సన్నం చేశారు. ఫ్రాన్స్‌లో స్త్రీలు మండిపడ్డారు. తాను ఫెమినిస్టునేననీ, ఇందులో స్త్రీ శరీరానికి అవమానమేమీ కనపడలేదనీ, ఇది వట్టి సినిమా అనీ ఆమె జవాబిచ్చింది. అన్నన్ని ఏళ్ళు ఒళ్ళు ఎంత ఉండాలో కాంట్రాక్టు చెప్పిన మనిషికి ఇంకో రెండంగుళాలు పెద్ద లెక్క కాకపోవచ్చు. చూసే పదహారేళ్ళ పిల్లకి మాత్రం లెక్కే. ప్రపంచం మెచ్చిన ఆ శరీరం కూడా చాలలేదని ఆ పోస్టరు చెప్పింది.

ఆ ఫొటో 1959లో తీసింది. అప్పటికి ఆమె కొడుకు ఇంకా పసివాడు, లోకానికి ఆమె తమ్ముడు.