విజయానికి ముందటి పదేళ్ళు

ఫలించిన చెట్టు క్రిందికి చేరేవారు పదుగురు. మొక్కగా ఉన్ననాడు నీరు పోసినవారు ఏ ఒక్కరో, ఇద్దరో. సానియా మీర్జా పేరు వినగానే మన విద్యార్థినుల ముఖాలు వికసించటం, 'మన హైదరాబాదు అమ్మాయి' అని పెద్దలు పొంగిపోవటం నేను తరచుగా చూస్తున్నదే. ఆ గర్వం న్యాయమైనదే. అయితే ఆ గర్వానికి మనమెంతవరకు అర్హులమన్న ప్రశ్నను విజ్ఞులైన పాఠకుల ముందుంచటమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

1986లో బొంబాయిలో జన్మించి హైదరాబాదులో పెరిగిన సానియా ఆరవ ఏట రాకెట్ పట్టింది. తాను పేడతో అలికిన కోర్టులలో ఆట నేర్చుకున్నానని ఆమె స్వయంగా చెప్పుకున్నది. 2003లో రష్యా బాలిక అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచిననాడు గాని దేశం ఆమెను తేరిపార చూడలేదు. అప్పటికామెకు పదహారేళ్ళు. అనగా, ఎవరూ చప్పట్లు కొట్టని పదేళ్ళు గడచిపోయినవి. ఆ పదేళ్ళూ ఆమె వెన్నంటి నిలిచినవారు తండ్రి ఇమ్రాన్, తల్లి నసీమా.

తరువాతి కథ లోకవిదితం. 2005 ఫిబ్రవరిలో స్వంత నగరంలోనే మహిళా టెన్నిస్ సంఘం వారి టోర్నమెంటు సింగిల్స్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ వనితగా నిలిచింది. ఆ ఏడే అమెరికన్ ఓపెన్‌లో నాల్గవ రౌండు చేరింది. 2007లో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి ఎదిగింది. ఇంతలో మణికట్టు గాయం అడ్డుపడింది. శస్త్రచికిత్స జరిగింది. క్రమంగా సింగిల్స్ విడిచి డబుల్స్‌పైననే దృష్టి నిలిపి, 2015 ఏప్రిల్‌లో ఆ విభాగంలో ప్రపంచ ప్రథమ స్థానం అలంకరించింది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదులు ఆమెవి. 2018లో తల్లియై, 2020 జనవరిలో తిరిగి కోర్టులో అడుగిడి హోబార్ట్‌లో డబుల్స్ గెలిచింది. 2023 ఫిబ్రవరిలో దుబాయిలో ఆటకు స్వస్తి చెప్పింది. ఒక దారి మూసుకొనిపోతే కుంగిపోక మరొక దారిన శిఖరానికి చేరటం ఈ జీవితంలోని అసలు పాఠమని నా అభిప్రాయం.

ఇంతటి క్రీడాకారిణిని మనవారు అడిగిన ప్రశ్నలేమిటి? 2005లో ఆమె దుస్తులేమిటని కొందరు మతపెద్దలు అడిగారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమించినప్పుడు, ఆమె ఏ దేశపు కోడలని ఒక రాజకీయ నాయకుడు ఆక్షేపించాడు. లోపలివారికి ఆమె చాలినంత మనది కాలేదు; వెలుపలివారికి చాలినంత భారతీయురాలు కాలేదు. ఆ మెరుపువంటి ఫోర్‌హాండ్ ఎన్ని వేల గంటల సాధన ఫలమో విచారించినవారు మాత్రం అరుదు.

ఇతరులను విమర్శించే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక విద్యార్థిని ఉండేది. టెన్నికాయిట్‌లో ఆమె చేతివేగం చూచి అధ్యాపకులమందరం ముచ్చటపడేవాళ్ళం. అంతర కళాశాలల పోటీలకు పంపుదామని ఆమె తండ్రిని కలిశాను. "ఎండలో ఆడి నల్లబడితే రేపు సంబంధాలు ఎలా వస్తాయి సార్?" అన్నారాయన. ఆయన దుకాణం గోడపై సానియా బొమ్మ ఉన్న క్యాలెండరు వ్రేలాడుతూనే ఉన్నది! తనకూ చిన్ననాడు ఇరుగుపొరుగువారు ఇదే మాట చెప్పారని సానియా అనేక సందర్భాలలో గుర్తుచేసుకున్నది. ఆ సంగతి ఆయనతో అనవలసినవాడను; అనలేదు. మరునాడు ఆ అమ్మాయితో, "పరీక్షలు దగ్గరపడ్డాయి, చదువుకో అమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె మళ్ళీ మైదానానికి రాలేదు. ఆమె ఆట మానటానికి తండ్రి భయం ఎంత కారణమో, నా మౌనమూ అంతే కారణం.

అందరూ సానియాలు కాగలరా అని కొందరు అడుగవచ్చు. కాలేరు, కానవసరమూ లేదు. గ్రంథాలయంలో చదివేవారందరూ కవులవుతున్నారా? కాలేదని గ్రంథాలయం మూసివేస్తున్నామా? ఓడి, మరునాడు మళ్ళీ నిలబడటం నేర్పే పాఠశాల మైదానమే. ఇక మర్యాద మాటకు వస్తే, ఏ దుస్తులలో ఆడాలన్నది ఆ బాలికకు, ఆమె మనస్సాక్షికి సంబంధించినది. ఆ పేరున మైదానానికే తాళం వేయటం న్యాయం కాదు.

కనుక కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా మూడు మనవులు. వారానికి మూడు సాయంత్రాలు ఆటస్థలాన్ని విద్యార్థినులకే కేటాయించండి. వారికొక వ్యాయామ ఉపాధ్యాయినిని నియమించండి. మగ్రిబ్ వేళకు ముందే వారు ఇల్లు చేరేటట్లు కళాశాల బస్సు నడపండి. తల్లిదండ్రుల భయాలలో సగం ఈ మూడింటితోనే తొలగుతాయి. మిగిలిన సగం తొలగించటానికి వారి ఇండ్లకు వెళ్ళి మాట్లాడే బాధ్యత అధ్యాపకులది. అందులో మొదటివాడను నేనే.

హైదరాబాదు నుండి ఇప్పుడు శ్రీవల్లి రష్మిక వంటి యువతులు భారత జట్టులో ఆడుతున్నారు. దారి మూసుకొనిపోలేదు. మన బాలికలు ఆ దారిన నడుస్తారో లేదో వారి ఇష్టం. గేటు తాళం తీయటం మాత్రం మన విధి. గెలిచిన తరువాత పూలదండలు వేయటానికి లోకమంతా ఉన్నది. గెలుపుకు ముందటి ఆ పదేళ్ళలో తోడు నిలిచేవారే నిజంగా 'మన అమ్మాయి' అనదగినవారు.