ఆవకాయ జాడీకి ఉన్న నియమం ఇంటి క్రీముకు ఎందుకు లేదు?

వేసవిలో ఆవకాయ పెట్టే ఇంట్లో ఆ రోజు కొన్ని నియమాలు కచ్చితంగా నడుస్తాయి. మామిడికాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే ముక్కలు కొడతారు. జాడీని ఎండలో పెడతారు. తడి చేయి, తడి గరిటె దాని దగ్గరకు రానివ్వరు. ఎందుకని పిల్లలు అడిగితే పెద్దల జవాబు ఒక్కటే: బూజు పడుతుంది. నీళ్లు చేరిన చోట సూక్ష్మజీవులు పెరుగుతాయన్న శాస్త్ర సత్యాన్ని ఆ ఇల్లు తరతరాలుగా పాటిస్తోంది.

చలికాలం వచ్చేసరికి అదే ఇంట్లో మరో తయారీ మొదలవుతుంది. పెరట్లోని కలబంద మట్ట కోసి గుజ్జు తీస్తారు. అందులో గులాబీ నీరు, కొబ్బరి నూనె కలిపి, ఒక విటమిన్ ఇ మాత్ర పిండి, మిక్సీలో తిప్పితే తెల్లటి క్రీము తయారవుతుంది. దాన్ని సీసాలోకి ఎత్తి, స్నానాల గది అలమరలో పెట్టి నెల రోజులు వాడతారు. రోజూ తడి వేళ్లే అందులో మునుగుతాయి. ఆవకాయకు పనికిరాని తడి, పగిలిన చర్మానికి రాసే క్రీముకు ఎలా పనికొస్తుంది?

ఇంట్లో మాయిశ్చరైజర్ చేసుకోవడంలో తప్పు లేదు. చర్మానికి అవసరమైన పనిలో చాలా భాగం వంటింటి సరుకులతోనే జరుగుతుంది. కానీ దాని మంచిచెడ్డలను ‘సహజమా, రసాయనమా’ అన్న ప్రశ్నతో తేల్చలేం. అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: అందులో నీళ్లున్నాయా, లేవా?

చర్మానికి నిజంగా కావలసింది

చర్మం పైభాగాన స్ట్రాటం కార్నియం అనే పలుచటి పొర ఉంటుంది. అరచేతులు, అరికాళ్లు మినహాయిస్తే శరీరంలో చాలా చోట్ల దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. శాస్త్రవేత్తలు దాన్ని ఇటుక గోడతో పోలుస్తారు. చదునుగా మారిన మృతకణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నం అడుసు. ఒంట్లోని నీరు ఈ గోడ గుండా అనుక్షణం కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటుంది. చలిగాలిలో తేమ తగ్గినప్పుడు ఆ నష్టం పెరుగుతుంది. మరీ వేడినీళ్లు, క్షారగుణం ఎక్కువున్న సబ్బు ఆ అడుసును దెబ్బతీసినప్పుడూ అంతే. పొరలో నీరు సుమారు పది శాతం కన్నా తగ్గితే చర్మం పెళుసుబారి పొట్టు రాలుతుంది, పగుళ్లు విచ్చుతాయి.

నూనె రాస్తే చర్మం మెత్తబడుతుంది కాబట్టి మెత్తదనం నూనెలోనే ఉందని చాలామంది అనుకుంటారు. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే శాస్త్రవేత్త ఈ నమ్మకాన్ని పరీక్షించారు. ఎండి గట్టిపడిన చర్మపు ముక్కలను నూనెలో ఎంతకాలం నానబెట్టినా అవి మెత్తబడలేదు. నీరు తగలగానే మెత్తబడ్డాయి. చర్మాన్ని మెత్తగా ఉంచేది నీరు. ఆ నీరు పోకుండా కాపాడటమే నూనె చేసే పని.

మాయిశ్చరైజర్ ఖరీదు ఎంతైనా ప్రధానంగా మూడు పనులే చేస్తుంది. గ్లిజరిన్ లాంటివి నీటిని పట్టి ఉంచుతాయి. నూనెలు కణాల మధ్య సందులు నింపి నునుపు తెస్తాయి. మైనం, పెట్రోలియం జెల్లీ లాంటివి పైన మూతలా పరుచుకుని ఆవిరిని ఆపుతాయి. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు అక్కర్లేదు. స్నానం కాగానే ఒంటిని గట్టిగా రుద్దకుండా తువ్వాలుతో అద్ది, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే పలుచగా నూనె రాసుకుంటే, ఆ చెమ్మ లోపలే నిలుస్తుంది.

ఇక్కడ సంప్రదాయాన్ని కాస్త సవరించుకోవాలి. పండగ తలంటులో నూనె ముందు, సున్నిపిండి తర్వాత. సున్నిపిండి మురికితో పాటు ఆ నూనెలో చాలా భాగాన్ని ఎత్తుకుపోతుంది. మర్దనకు, శుభ్రతకు ఆ వరస బాగుంటుంది. తేమ నిలవాలంటే మాత్రం స్నానం తర్వాత రాసుకున్న నాలుగు చుక్కలే ఎక్కువ మేలు చేస్తాయి.

అన్ని నూనెలూ ఒకటి కావు

నూనెల గుణం వాటిలోని కొవ్వు ఆమ్లాలను బట్టి మారుతుంది. లినోలియిక్ ఆమ్లం చర్మపు గోడలోని సెరమైడ్ల తయారీకి ముడిసరుకు. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో అది ఎక్కువ. నువ్వుల నూనెలోనూ గణనీయంగానే ఉంటుంది. ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే ఆలివ్ నూనె కథ వేరు. పెద్దవాళ్ల చర్మంపై చేసి 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఆలివ్ నూనె ఆ గోడను బలహీనపరిచినట్టు, పొద్దుతిరుగుడు నూనె దాన్ని చెదరనివ్వనట్టు తేలింది. పసిపిల్లల కోసం విదేశీ ఆలివ్ నూనెకు వందల రూపాయలు పోసేవారు గమనించాల్సిన సంగతి ఇది. ఉత్తర, తూర్పు భారతంలో శిశువులకు విరివిగా రాసే ఆవనూనె కూడా, ఎలుకలపై జరిగిన ప్రయోగంలో, దెబ్బతిన్న చర్మం కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది. సగానికి దగ్గరగా లారిక్ ఆమ్లం ఉండే కొబ్బరి నూనె పొడి చర్మానికి చాలామందికి సరిపడుతుంది.

సరైన నూనె ఎంచుకోవడం అందానికి మాత్రమే సంబంధించినది కాదనడానికి బంగ్లాదేశ్‌లో ఒక బలమైన ఆధారం ఉంది. ఢాకా శిశు ఆస్పత్రిలో 33 వారాలు నిండకుండానే పుట్టిన పసికందులపై ఒక అధ్యయనం జరిగింది. అంత ముందుగా పుట్టిన బిడ్డలకు చర్మపు గోడ సరిగా ఏర్పడి ఉండదు. సూక్ష్మజీవులు సులువుగా లోపలికి చేరతాయి. పొద్దుతిరుగుడు నూనె రాసిన శిశువుల్లో ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గినట్టు 2005లో, మరణాలు 26 శాతం తగ్గినట్టు 2008లో వెల్లడైంది. అదే అధ్యయనంలో పెట్రోలియం జెల్లీ ఆధారంగా చేసిన ఒక లేపనం కూడా మరణాలను 32 శాతం తగ్గించింది. ఒకటి గింజ నుంచి వచ్చింది, మరొకటి ముడిచమురు నుంచి వచ్చింది. బిడ్డ చర్మం ఆ తేడా చూడలేదు. వైద్యుల పర్యవేక్షణలో వచ్చిన ఈ ఫలితాన్ని ఇంట్లో ఉన్న ప్రతి బిడ్డకూ యథాతథంగా వర్తింపజేయకూడదు. నెలలు నిండని బిడ్డకు ఏం రాయాలన్నా వైద్యులను అడగాల్సిందే.

నీళ్లు చేరాక కథ మారుతుంది

నూనెలో సూక్ష్మజీవులు పెరగలేవు. వాటికి నీరు కావాలి. కలబంద గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. దానికి తోడు చక్కెరలు, ఖనిజాలు ఉంటాయి. అంటే ఇంట్లో చేసిన కలబంద క్రీము సూక్ష్మజీవులకు వడ్డించిన విస్తరి. అనుకూలమైన పరిస్థితుల్లో కొన్ని బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతాయి. ఆ వేగంతో ఒక్క కణం పది గంటల్లో వంద కోట్లు దాటుతుంది. అంత అనుకూలత క్రీములో దొరకకపోవచ్చు. అయినా వాటికి గడువు పది గంటలు కాదు, నెల రోజులు.

పాడైతే వాసన వస్తుంది కదా అన్న ధీమా కూడా సరికాదు. గ్రాముకు లక్షల్లో సూక్ష్మజీవులున్నా రంగు, వాసన మారకపోవచ్చు. తడి స్నానాల గదుల్లో మామూలుగా కనిపించే సూడోమోనాస్, మనిషి చర్మం మీదే ఉండే స్టెఫైలోకాకస్ ఆరోగ్యంగా ఉన్నవారి చెక్కుచెదరని చర్మాన్ని ఏమీ చేయకపోవచ్చు. కానీ క్రీము రాసుకునేది సాధారణంగా పగిలిన చర్మానికే. మడమల పగుళ్లున్న మధుమేహ రోగి, గజ్జి తామరతో గోక్కున్న పిల్లవాడు, కంటి కింద రాసుకునే యువతి, వీళ్లందరికీ ఆ సీసా ప్రమాదమే.

విటమిన్ ఇ కలిపాం కదా అంటారు. అది నూనె గాలికి చెడిపోకుండా కాపాడే పదార్థం. బాక్టీరియాను, బూజును అది ఆపదు. పసుపు, వేప, సుగంధ తైలాలు ప్రయోగశాలలో కొన్ని సూక్ష్మజీవులను అడ్డుకోవచ్చు గానీ, చిటికెడు పసుపు, రెండు చుక్కల తైలం నీళ్లున్న క్రీమును నెలపాటు నిలబెట్టలేవు. ఫ్రిజ్‌లో పెడితే పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆగదు.

ఈ సంగతి పాతతరానికి తెలియనిది కాదు. మందారాకు, కరివేపాకు, గోరింటాకు వేసి తలనూనె కాచేటప్పుడు చిటపట పూర్తిగా ఆగేదాకా పొయ్యి మీదనుంచి దించరు. ఆ చిటపట ఆకుల్లోని నీరు ఆవిరయ్యే చప్పుడు. అది ఆగితే నూనె నిలవ ఉంటుందని వాళ్లకు అనుభవం నేర్పింది. ఇప్పటి ఇంటి క్రీముల్లో ఆ మెట్టు ఒక్కటే తప్పిపోయింది.

వంటింటిది కాబట్టి మంచిదేనా?

చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5. నిమ్మరసం పీహెచ్ రెండుకు దగ్గర. వంటసోడా నీళ్లది ఎనిమిది పైనే. రెండూ ఆ సమతుల్యాన్ని చెడగొడతాయి. పైగా నిమ్మజాతి పండ్లలోని కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లడం అందుకే వద్దు. కలబంద మట్ట కోయగానే కారే పసుపుపచ్చ జిగురు కొందరికి దురద, మంట తెస్తుంది. దాన్ని పూర్తిగా కారనిచ్చాకే గుజ్జు తీయాలి.

తినే పదార్థం కాబట్టి పూస్తే ఏం కాదన్న మాటా నిలవదు. జపాన్‌లో గోధుమ ప్రొటీన్‌ను విడగొట్టి కలిపిన ఒక ముఖపు సబ్బు వాడినవారిలో రెండువేల మందికి పైగా గోధుమ అలర్జీ బారిన పడ్డారు. చర్మం ద్వారా చేరిన ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా గుర్తించింది. ఆ తర్వాత గోధుమ వంటకాలు తిన్నా ప్రతిచర్య వచ్చింది. పగిలిన చర్మం మీద, ముఖ్యంగా తామర ఉన్న పిల్లలకు, పాలు, పిండ్లు, గింజల ముద్దలు పూయకపోవడం మంచిది.

అనుమానం న్యాయమైనదే, పరిష్కారం వేరు

జనం బజారు క్రీములకు దూరం కావడానికి కారణాలు లేకపోలేదు. చర్మాన్ని తెల్లబరుస్తామని అమ్మిన క్రీముల్లో పాదరసం, స్టీరాయిడ్లు బయటపడ్డ సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. పరిమళాలు పడనివారూ ఉన్నారు. ధరలు సరేసరి. కానీ ఆ కోపంలో ప్రిజర్వేటివ్‌లన్నిటినీ విషాల జాబితాలో చేర్చడం పొరపాటు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం మిథైల్ పారాబెన్ వంద గ్రాముల క్రీములో 0.4 గ్రాములు మించకూడదు. అదే సమాఖ్య 2014లో భద్రతకు తగిన ఆధారాలు లేవని ఐదు రకాల పారాబెన్లను నిషేధించింది. ఏది ఎంతవరకు సురక్షితమో కొలిచి, కొత్త ఆధారం వస్తే నిర్ణయం మార్చుకునే పద్ధతి ఇది. ‘రసాయనాలు లేవు’ అని చీటీ అంటించిన సీసాలో నీళ్లున్నప్పుడు, ఆ చీటీ భరోసా కాదు, హెచ్చరిక.

ఇంట్లో చేసుకున్నది ఇరుగుపొరుగుకు అమ్మడం దాకా వెళితే బాధ్యత ఇంకా పెరుగుతుంది. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే లైసెన్సు కావాలి. చిన్న మహిళా సంఘాలకు ఇది భారమే. అందుకే ప్రభుత్వ శిక్షణ కార్యక్రమాలు క్రీములకన్నా ముందు నీళ్లు లేని లేపనాలు, నూనెలు నేర్పితే, సూక్ష్మజీవ పరీక్షల సదుపాయం అందుబాటులోకి తెస్తే, ఉపాధీ భద్రతా రెండూ దక్కుతాయి.

ఇంటి మట్టుకు దారి సులువు. ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతుల నూనె తూకం వేసి, మరిగే నీళ్ల గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించాలి. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కడిగి పూర్తిగా ఆరిన చిన్న డబ్బాలో పోసి చల్లారనిస్తే పెదవులకు, మడమలకు మంచి లేపనం సిద్ధం. తీసుకోవడానికి పొడి చెంచా వాడాలి. కొద్దిగానే చేసుకుని, నూనె వాసన మారితే పారేయాలి. గ్లిజరిన్‌లో నీళ్లు రాసుకునే ముందు అరచేతిలోనే కలుపుకోవాలి, సీసాలో కలిపి దాచకూడదు. కలబంద గుజ్జు ఏ రోజుకారోజు తాజాగా తీసుకోవాలి. ఏదైనా కొత్తగా వాడేటప్పుడు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి. పగుళ్ల నుంచి రక్తం, చీము కనిపిస్తే, దురద తగ్గకపోతే వైద్యుల దగ్గరకు వెళ్లాలి.

ఇవేవీ కొత్త నియమాలు కావు. కొబ్బరి పచ్చడి పూటకు, ఆవకాయ ఏడాదికి అన్న తేడా తెలిసిన ప్రతి ఇంటికీ ఇవి తెలుసు. వాటిని వంటింటి నుంచి స్నానాల గది అలమర దాకా తీసుకెళ్తే చాలు.