అంబులెన్సు కొనుట – అంబులెన్సు నడుపుట

గ్రాంటు అన్న మాట మన కళాశాల కార్యవర్గానికి కొత్తది కాదు. భవన నిర్మాణానికి ఒక పర్యాయం లభించే సొమ్ము వేరు, అధ్యాపకుల జీతాలకు ఏటేటా అందవలసిన సొమ్ము వేరు. మొదటిది వచ్చి రెండవది రాకపోతే మిగిలేది తాళం వేసిన గదులు. ఈ భేదమెరిగిన పెద్దలకు, విద్యార్థి మిత్రులకు ఉద్దాన తీరపు అత్యవసర వైద్యాన్ని గురించి మా అభిప్రాయం మనవి చేయదలచాము.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కనులపండువైన సీమ. ఆ తోటల నీడనే మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా తిష్ఠ వేసింది. మధుమేహం, రక్తపోటు లేనివారికి సైతం సోకుతున్న ఈ వ్యాధికి మూలమేమో నేటికీ నిశ్చయంగా తేలలేదు. ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుండి వంశధార నీటిని గొట్టాల ద్వారా తెచ్చే పథకమూ అప్పుడే ఆరంభమైంది. ఇవన్నీ హర్షించదగినవే. ఐతే రోగి గుమ్మానికీ ఆసుపత్రి గుమ్మానికీ మధ్యనున్న దారి మాటేమిటి?

ఆ దారికోసమే 108 పుట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఈ సేవ అనతికాలంలోనే ఇతర రాష్ట్రాలకు ఆదర్శమైంది. 2009లో సత్యం కుంభకోణం బయటపడి, నిర్వాహక సంస్థ చేతులు మారినా బండ్లు ఆగలేదు. కారణం, ఖర్చులో అధికభాగం ప్రభుత్వ ఖజానా నుండే రావడం. ఇంతవరకు మెచ్చుకోవలసిందే. మాకు మింగుడుపడనిది గ్రాంటు సూత్రం. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద కేంద్రం బండి కొనుగోలుకు సహాయం చేసింది. నిర్వహణ వ్యయంలో మాత్రం మొదటి ఏట 60 శాతం, రెండవ ఏట 40 శాతం, ఆపై 20 శాతం అన్నది. బండి పాతబడుతున్నకొద్దీ సహాయం తరుగుతుంది! టైర్లు అరిగేది, ఇంజను మొరాయించేది మూడవ ఏటనా, మొదటి ఏటనా? రాష్ట్రాలు తమ బాధ్యత మరవకుండా ఇట్లా పెట్టారని కొందరంటారు. ఆ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని జీతాల బకాయిల కోసం 108 సిబ్బంది సమ్మెకు దిగిన వార్తలు మనం పలుమార్లు చదివాము. ఆ బాధ్యత ఎవరు మరచినా, ఫోను చేతబట్టుకుని గుమ్మంలో నిలుచున్నవాడికి బండి రాదు.

లక్ష జనాభాకు ఒక సాధారణ అంబులెన్సు, ఐదు లక్షలకు ఒక అధునాతన అంబులెన్సు అన్నది మిషన్ వారి ప్రమాణం. ఇది తలలు లెక్కించే ప్రమాణం. రోగాన్నీ దూరాన్నీ లెక్కించదు. టెక్కలి మీదుగా పోయే జాతీయ రహదారిపై ప్రమాదం జరిగినా, వజ్రపుకొత్తూరు తీరాన జాలరికి గుండె నొప్పి వచ్చినా పిలవవలసింది ఆ కొద్ది బండ్లనే. పలాస నుండి శ్రీకాకుళానికి సుమారు 75 కిలోమీటర్లు. అక్కడినుండి విశాఖకు మరో నూరు పైమాట. ఒక బండి అంతదూరం వెళ్ళి తిరిగివచ్చేదాకా దాని ఊళ్ళకు దిక్కెవరు?

మరొక సంగతి. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. ఆ ప్రయాణం "అత్యవసరం" కాదు గనుక 108 పరిధిలోకి రాదు. ఆటోకు డబ్బులు లేకనో, తోడు వచ్చే మనిషి కూలి పోతుందనో రెండు పర్యాయాలు మానితే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. అప్పుడది అర్ధరాత్రి అత్యవసరమవుతుంది. పగటి ఆటో ఖర్చు భరించడం కంటె రాత్రి అంబులెన్సు ఖర్చు చౌక అని ఏ గుమాస్తా లెక్క కట్టాడో!

పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఉపకేంద్రాల భవనాలు, పరీక్షా సదుపాయాలు అందులో ఉన్నాయి. అంబులెన్సుల నిర్వహణకు పద్దు లేదు. ఇది మన దేశపు జాడ్యం మాత్రమే కాదు. అమెరికాలో 1973 చట్టంతో ప్రాంతీయ అత్యవసర వైద్యానికి ప్రత్యేక గ్రాంట్లు వచ్చి, 1981లో అవి ఇతర ఆరోగ్య పద్దులతో కలిసిపోయాయి.

మేము కోరేది పెద్దది కాదు. ఉద్దానానికి జనాభాను బట్టి కాక రోగభారాన్నీ దూరాన్నీ బట్టి ఏటేటా తరగని నిర్వహణ గ్రాంటు ఇవ్వాలి. డయాలసిస్ రోగి రాకపోకలకు అందులోనే భాగముండాలి. కొంత సొమ్ము స్థానికంగా ఖర్చు చేసే స్వేచ్ఛ ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్దనే తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు దారులకు అడ్డంగా కూలాయి, ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి రాత్రి అంబులెన్సులో ఆక్సిజనుతోపాటు చెట్లు కోసే రంపం కూడా ఉండాలి. దానిని ఏ పద్దు కింద కొనాలి?